కోసిన చేతికి రాయడం భారమా?

“మీ అక్కకు అండాశయాలు ఉన్నాయా, తీసేశారా?”

2024లో ఒక డాక్టరమ్మ నన్ను అడిగిన ప్రశ్న ఇది. అక్కకు అప్పటికి యాభై ఏళ్లు. కడుపులో ఒకపక్క నొప్పి, ఉబ్బరం. స్కానింగులో నీటిగడ్డ లాంటిదేదో కనిపించింది. అది అండాశయంలోంచి వచ్చిందా, లేక పాత ఆపరేషన్ తర్వాత లోపల పేగులు అతుక్కుపోయి ఆ సందుల్లో నీరు చేరిందా అన్నది తేలలేదు. మొదటిదైతే వైద్యం ఒకలా ఉంటుంది, రెండోదైతే ఇంకోలా ఉంటుంది. “పాత ఆపరేషన్ కాగితాలు తెండి” అందావిడ.

నేను అక్క వైపు చూశాను.

“నాకేమెరుక చెల్లె? మత్తుల ఉంటి. ఏం తీసిండ్రో ఏం ఉంచిండ్రో నాకెవరు చెప్పిండ్రు? నువ్వే గద దవాఖానల కాయితాలు సూసేది!”

నా దగ్గర జవాబు లేదు. అక్క అన్నమాట నిజమే. ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం అదే. డాక్టర్ని కాను, నర్సును కాను. ఒక ఆస్పత్రి రికార్డు రూములో కేసు షీట్లు సర్దే మనిషిని. వేలమంది ఆడవాళ్ల కడుపుల కథలు నా చేతులమీదుగా బీరువాల్లోకి వెళ్లాయి. మా అక్క కథ మాత్రం ఎక్కడా లేదు.

అక్క బీడీలు చుడుతుంది. 2006లో తెల్లబట్ట అవుతోందని పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్‌కి పోయింది. గర్భసంచికి పుండు పడింది, తీయకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు. ఇద్దరు పిల్లలు పుట్టారుగా, ఇంక గర్భసంచితో పనేముందన్నారు. అక్కకు అప్పుడు ముప్ఫై రెండేళ్లు. బావ సంతకం పెట్టాడు. తను వేలిముద్ర వేసిందో లేదో అక్కకే గుర్తులేదు. నాకు కబురు తెలిసేసరికి ఆపరేషన్ అయిపోయింది. అప్పు మిగిలింది.

ట్రంకుపెట్టె అడుగున ప్లాస్టిక్ కవర్లో దొరికినవి మూడు: మాసిపోయిన స్కానింగ్ ఫిల్ము, మందుల బిల్లులు, ఒక డిశ్చార్జి కార్డు. కార్డు మీద ఇంగ్లీషులో మూడంటే మూడు ముక్కలు. టి.ఏ.హెచ్. చేశాం, పరిస్థితి నిలకడగా ఉంది, వారం తర్వాత రావాలి. అంతే! ఎవరు కోశారో లేదు. మత్తు ఎవరిచ్చారో లేదు. లోపల ఏం చూశారో లేదు. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపారో లేదో తెలియదు. కింద గిలికిన సంతకం ఎవరిదో పోల్చుకోవడం నా వల్ల కూడా కాలేదు.

టి.ఏ.హెచ్. అంటే పొట్ట కోసి గర్భసంచిని ముఖద్వారంతో సహా తీసెయ్యడం. రెండు అండాశయాలూ, వాటి నాళాలూ తీస్తే పక్కన బి.ఎస్.ఓ. అని రాస్తారు. ఇక్కడ రాయలేదు. రాయలేదు కాబట్టి తీయలేదని నమ్మాలా? ఇంకేమీ రాయని చెయ్యి ఈ మూడక్షరాలు మాత్రం మరచిపోదని ఏమిటి నమ్మకం? ఆపరేషన్ అయిన ఏడాదికే అక్కకు ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. కార్డు ఒకటి చెబుతోంది, ఒళ్లు ఇంకోటి చెబుతోంది. ఏది నమ్మేది?

ఆ నర్సింగ్‌హోమ్ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడక్కడ చీరల దుకాణం ఉంది. అప్పటి డాక్టరు ఫోన్ నంబరు సంపాదించి అడిగాను. “మూడేళ్లు దాటాక రికార్డులు ఉంచాల్సిన పని లేదమ్మా, రూల్ చూసుకోండి” అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు.

రూల్ నాకు తెలుసు. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి నియమావళి అది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమాలు తెచ్చి, మూడు వారాలకే పక్కన పెట్టేసింది. కాబట్టి పాతవే నడుస్తున్నాయి. వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఇన్‌పేషెంట్ రికార్డు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇదీ రూల్. ముప్ఫై రెండేళ్ల మనిషి శరీరంలోంచి ఒక అవయవం తీసేస్తే ఆ లోటు ఆమె చచ్చేదాకా ఉంటుంది. తీసిన సంగతి చెప్పే కాగితం మాత్రం మూడేళ్లు ఉంటే చాలు! ఆస్తి అమ్మిన దస్తావేజును తరాలపాటు దాచే ఈ దేశంలో ఆడమనిషి గర్భసంచి కాగితం పాత పేపర్ల షాపులో కిలోల లెక్కన పోతోంది.

“ఆస్పత్రుల్లో ఆపరేషన్ రికార్డులు మెరుగుపడాలి” అంటే గుమాస్తాల వ్యవహారంలా వినిపిస్తుంది. స్త్రీవాద పత్రికలో దీని గురించి రాయడమేమిటని కూడా అనిపించవచ్చు. కానీ ఈ దేశంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద కూడా కత్తి పడేది ఎక్కువగా ఎవరి ఒంటి మీదో ఆలోచించండి. పిల్లలు పుట్టడానికి ఆపరేషన్, పుట్టకుండా ఉండడానికి ఆపరేషన్, పుట్టడం అయిపోయాక గర్భసంచికి ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. దేశం మొత్తంలో అది 21.5. అంతకుముందు 2015-16 సర్వేలో మొదటిసారి గర్భసంచి తొలగింపు గురించి అడిగారు. దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 3.2 మందికి గర్భసంచి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అన్ని రాష్ట్రాల కంటే మనమే ముందున్నాం. ఆ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగినవే. ఇన్ని లక్షల మందిలో ఎంతమంది దగ్గర లోపల ఏం జరిగిందో చెప్పే కాగితం ఉంది?

ఆ కాగితం లేకపోతే ఏమవుతుంది? సిజేరియన్‌నే తీసుకోండి. పైన చర్మం మీద కుట్టు చూసి లోపల గర్భసంచిని ఎలా కోశారో చెప్పలేం. కింది భాగంలో అడ్డంగా కోస్తే తర్వాతి కాన్పులో పరిస్థితి ఒకలా ఉంటుంది. పైభాగంలో నిలువుగా కోయాల్సి వస్తే, మళ్లీ నొప్పులొచ్చినప్పుడు గర్భసంచి చిట్లే ప్రమాదం చాలా ఎక్కువ. ఈ సంగతి చెప్పగలిగేది మొదటి ఆపరేషన్ నోట్సు ఒక్కటే. మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లో, మలికాన్పు అత్తగారింటి దగ్గర. అమ్మాయి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తుంది. కాగితం ఆమెతో వెళ్లదు. అర్ధరాత్రి నొప్పులతో వచ్చిన పిల్లను “ముందు ఆపరేషన్ ఎందుకైంది? కోత ఎలా పెట్టారు?” అని అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? “పెద్దాపరేషన్ అయింది” అంటుంది. అంతకన్నా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

గర్భసంచి ఆపరేషన్‌లోనూ అంతే. ముఖద్వారం ఉంచారో లేదో తెలియకపోతే ఆ క్యాన్సర్ పరీక్ష ఇంకా అవసరమో కాదో తెలియదు. అండాశయాలు తీశారో లేదో తెలియకపోతే ఎముకల గురించి, గుండె గురించి ముందు జాగ్రత్త తీసుకోలేరు. తీసిన ముక్క పరీక్ష రిపోర్టు లేకపోతే అసలు ఆ ఆపరేషన్ అవసరమైందో కాదో ఏ నాటికీ తేలదు. కొంతమందికి ఇది తేలకపోవడమే కావాలేమో అని నా అనుమానం.

ఇప్పుడు నా రికార్డు రూములోకి రండి. కేసు షీటులో అడ్మిషన్ కాగితం, అంగీకార పత్రం, మత్తు డాక్టరు చార్టు, ఆపరేషన్ నోట్సు, సిస్టర్లు రాసే నోట్సు, లెక్కపెట్టిన గుడ్డల, పరికరాల వివరం, ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ ఉండాలి. ఏది లేకపోయినా నేను చీటీ అంటించి వెనక్కి పంపాలి. ఆపరేషన్ నోట్సులో ఎవరు చేశారు, ఏ సమయానికి చేశారు, లోపల ఏం కనిపించింది, అనుకున్నది కాక ఇంకేమైనా చేశారా, చేస్తే ఎందుకు, ఏం తీశారు, ఎంత రక్తం పోయింది అన్నవి ఉండాలి. ఇవేవీ గొంతెమ్మ కోర్కెలు కావు. ప్రపంచంలో ఎక్కడైనా సర్జన్లకు నేర్పే మొదటి పాఠాలే.

నేను చూసేవి ఏమిటి? ముందే అచ్చేసిన పేజీ ఒకటి, అందులో పేరు, తేదీ మాత్రం ఖాళీ. ‘రక్తస్రావం ఆపాం, లెక్క సరిపోయింది’ అని ఆపరేషన్ మొదలవకముందే అచ్చయి ఉంటుంది! కంప్యూటర్లు వచ్చాక అదే పేజీని ఒకరి ఫైలులోంచి ఇంకొకరి ఫైలులోకి దింపుతున్నారు. ఒకసారి గర్భసంచి తీసిన ఆమె ఫైలులో ‘మగబిడ్డ పుట్టాడు’ అని చూశాను. ఆపరేషన్ చేసినవాళ్లు ఒకరు, నోట్సు రాసేది ఇంకొకరు. మూడో రోజున, థియేటర్లో లేని హౌస్‌సర్జన్ రాస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. అంగీకార పత్రం మీద ముందు వేలిముద్ర పడుతుంది, ఆపరేషన్ పేరు తర్వాత పడుతుంది.

అదే ఆస్పత్రిలో ఇన్సూరెన్స్‌కో, ప్రభుత్వ పథకానికో పంపే ఫైలు చూడండి. ఒక్క ఖాళీ ఉండదు! ఫొటోలు, సమయాలు, సంతకాలు, రిపోర్టులు, అన్నీ ఉంటాయి. ఒక్క కాగితం తక్కువైతే డబ్బులు రావు కదా. అంటే రాయడం చేతకాక కాదు. తీరిక లేకా కాదు. డబ్బిచ్చేవాడికి లెక్క చెప్పాలన్న భయం ఉంది. శరీరం ఇచ్చిన మనిషికి లెక్క చెప్పాలన్న భయం లేదు.

నేను కూడా తక్కువ తినలేదు. చీటీలు అంటించి అంటించి విసుగొచ్చి, నెలాఖరు లెక్క కోసం ‘పూర్తి’ అని ముద్ర కొట్టిన ఫైళ్లు ఎన్నో ఉన్నాయి. ఒక కాగితమే కదా అనుకున్నాను. అక్క ట్రంకుపెట్టె తెరిచిన రోజున, నేను ముద్ర కొట్టిన ఫైళ్లలో ఇలాంటి అక్కలు ఎంతమందో అనిపించింది. ఈ వ్యాసం రాయడానికి అదొక కారణం.

చట్టం సంగతి కొంచెం చెప్పుకుందాం. అదే 2002 నియమావళి, ఆపరేషన్ వల్ల పిల్లలు పుట్టకుండా పోయే అవకాశం ఉంటే భార్యాభర్తలిద్దరి అంగీకారమూ కావాలంటుంది. ఆమె శరీరానికి ఆమె సంతకం ఒక్కటీ చాలదన్నమాట! ఆచరణలో అది ‘భర్త సంతకం ఉంటే చాలు’గా మారిపోయింది. 2008 జనవరిలో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అందుకే మనకు ముఖ్యం. ఢిల్లీలో పెళ్లికాని నలభై నాలుగేళ్ల స్త్రీ, పరీక్ష కోసమని మత్తు తీసుకుంది. ఆమె స్పృహలో లేనప్పుడు బయట కూర్చున్న తల్లి చేత సరే అనిపించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం అవయవాలు తీయడానికి చెల్లదని, స్పృహ వచ్చేదాకా ఆగగలిగినప్పుడు తల్లి సమ్మతి కూడా చెల్లదని కోర్టు చెప్పింది. ఫీజు వదులుకోమని, 25,000 రూపాయలు పరిహారం ఇమ్మని తీర్పు. ఆ డబ్బు ఏ మూలకు? అయినా ఆమె గెలిచింది. ఎలా గెలిచింది? ఆమె సంతకం చేసిన కాగితంలో ఏ ఆపరేషన్ పేరు ఉంది, ఏది లేదు అన్నదాని మీద. ఆ కాగితమే లేకపోతే ఆమె మాటకు విలువెంత?

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒక సర్జను కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశాడు. పదిమందికి పైగా చనిపోయారు. దరిమిలా 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ శిబిరాలు మూడేళ్లలో ఆపేయాలంది. ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలంది. 2023 ఏప్రిల్‌లో, అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న కేసులో, కేంద్రం మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని మళ్లీ చెప్పింది. కోర్టులు చెబుతూనే ఉన్నాయి. నా బల్ల మీదికి వచ్చే అంగీకార పత్రం ఇంకా ఇంగ్లీషులోనే ఉంది.

డాక్టర్లు చెప్పే జవాబులు నాకు కంఠతా వచ్చు. మొదటిది, పని ఒత్తిడి. ప్రభుత్వాస్పత్రిలో ఇది అబద్ధం కాదు. ఒకరు చేయాల్సిన పని కాదు అక్కడ జరిగేది. దానికి మనుషుల్ని వేయమని అడగండి, మేమూ మీతో నిలబడతాం. కానీ గంటసేపు కోయడానికి ఉన్న తీరిక పది నిమిషాలు రాయడానికి లేదంటే, రాయడం ఆపరేషన్‌లో భాగం కాదని మీరనుకుంటున్నారన్నమాట. రెండోది, రాస్తే కోర్టుకు పట్టుకుపోతారన్న భయం. 1995లో వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచీ ఈ మాట వింటున్నాను. నిజాయితీగా పనిచేసిన డాక్టరును కాపాడేది కూడా ఆ రాతే కదా! మూడోది, అంతా డిజిటల్ అవుతోంది కదా అని. 2021 నుంచి ఆరోగ్య ఖాతా నంబర్లు ఇస్తున్నారు, మంచిదే. కానీ రాయని నోట్సును ఏ కంప్యూటర్ చూపిస్తుంది? తప్పు రాత కాగితం మీద ఉంటే ఒక్కచోటే ఉంటుంది. కంప్యూటర్లోకి ఎక్కితే ఆమె వెళ్లిన ప్రతిచోటికీ వెంటపడుతుంది.

రాసుకుంటే, అడిగి సరిచూసుకుంటే ఏమవుతుందో తెలియనిదేమీ కాదు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం పందొమ్మిది అంశాల పట్టిక తెచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మనిషి పేరు, చేయబోయే ఆపరేషన్, గుడ్డల లెక్క నోరు తెరిచి అడగడమే. అంతకు నూటయాభై ఏళ్ల ముందే ఫ్లోరెన్స్ నైటింగేల్ ఈ పోరు పెట్టుకుంది. దీపం పట్టుకున్న దేవతగా ఆమెను పాఠ్యపుస్తకాల్లో పెట్టారు. 1863లో ఆస్పత్రుల మీద రాసిన పుస్తకంలో ఆపరేషన్ల లెక్కలు అన్ని ఆస్పత్రులూ ఒకే తీరున రాయాలని, చేసిన ఆపరేషన్ల ఫలితం బయటపెట్టాలని అడిగిన ఆడమనిషిగా మాత్రం పెట్టలేదు. సేవ చేసే స్త్రీ అందరికీ ఇష్టం. లెక్క అడిగే స్త్రీ ఎవరికిష్టం?

మేం అడిగేది ఎక్కువేం కాదు. కోసిన సర్జనే, అదే రోజు, తన చేత్తో నోట్సు రాయాలి. ‘తీసినవి’, ‘ఉంచినవి’ అని రెండు గళ్లు తప్పనిసరిగా ఉండాలి. తీసిన ప్రతి అవయవానికీ పరీక్ష రిపోర్టు జతచేయాలి. ఇంటికి పంపే రోజున ఇవన్నీ ఒక పేజీలో తెలుగులో రాసి, చదివి వినిపించి, ఆమె చేతికే ఇవ్వాలి. భర్త చేతికి కాదు, కొడుకు చేతికి కాదు. అంగీకార పత్రం మీద ఆమె సంతకమే సంతకం. మూడేళ్ల గడువు ఎత్తేయాలి. ఆస్పత్రి మూతపడితే ఫైళ్లు జిల్లా వైద్యాధికారికి అప్పగించాలి. ఏడాదికొకసారి ప్రతి ఆస్పత్రిలో కొన్ని ఫైళ్లు తీసి బయటివాళ్లు చూడాలి. ఆ చూసేవాళ్లలో ఆడవాళ్లుండాలి.

అక్కకు చివరికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. లోపల అంతా అతుక్కుపోయి ఉందట, మూడున్నర గంటలు పట్టింది. ఏ కాగితమూ లేకుండా చీకట్లో వెతికినట్టుందని ఆ డాక్టరమ్మే అంది. ఎడమ అండాశయం ఉంది, గడ్డ దానిదే. కుడిది లేదు. 2006లో ఎవరో తీసేశారు. ఎందుకు తీశారో, దానికేం జబ్బుందో ఎవరికీ తెలియదు, ఇక తెలియదు కూడా. గడ్డ క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చింది. ఆరోజు అందరం ఏడ్చాం.

డిశ్చార్జి రోజున నేను డాక్టరమ్మను ఒక్కటే అడిగాను, తెలుగులో రాసివ్వమని. ఆమె మొదట నవ్వింది, తర్వాత కూర్చుని రాసింది. నేను అక్కకు చదివి వినిపించాను. “కుడి దిక్కుది ముందే లేదు” అన్నచోట మళ్లీ చదవమంది. చదివాను. “పద్దెనిమిదేండ్లు నా ఒంట్ల లేదని నాకు తెల్వకపాయె” అంది. కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది, బావ అడిగినా ఇవ్వలేదు.

ఇది చదువుతున్న మీరు ఇవాళ మీ బీరువా తెరిచి చూడండి. మీ ఆపరేషన్ కాగితంలో ఏముందో చదవండి. అమ్మనడగండి, అత్తగారినడగండి, మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మనడగండి. మూడేళ్లు దాటకపోతే రేపే వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. అందినట్టు రసీదు తీసుకోండి. 72 గంటలు లెక్కపెట్టండి. ఎందుకని అడిగితే, అది నా కడుపు అని చెప్పండి.